కార్తీక మాసంలో అమ్మగారితో తైపే రాత్రి బజారుకు వెళ్లాలంటే

మీ ప్రశ్న సారాంశం ఇది. నవంబరులో తైవాన్ రాజధాని తైపేలో మీకు రెండు సాయంత్రాలు ఖాళీ. వెంట డెబ్బై దగ్గరపడుతున్న అమ్మగారు, పదేళ్ల పాప ఉంటారు. మీరు, మీవారు అన్నీ తింటారు. అమ్మగారు శాకాహారి, గుడ్డు కూడా తినరు, కార్తీకం కాబట్టి ఉల్లి, వెల్లుల్లి ముట్టరు. అడిగిన ప్రతివారూ షిలిన్ రాత్రి బజారు పేరే చెబుతున్నారు. అక్కడికి వెళ్లవచ్చా, అమ్మగారికి తినడానికి ఏమైనా దొరుకుతుందా, పులిసిన టోఫు (సోయా పాల జున్ను) వాసనకు ఆవిడ తట్టుకోగలరా అన్నది మీ సందేహం.

షిలిన్ వద్దు. మొదటి సాయంత్రం రావ్‌హే వీధి రాత్రి బజారుకు, రెండో సాయంత్రం నింగ్‌షియా వీధి రాత్రి బజారుకు వెళ్లండి. అమ్మగారికి తిండి దొరుకుతుంది, కాకపోతే ఏ బండి దగ్గర ఆగాలో, ఏది చూడగానే ముందుకు సాగిపోవాలో తెలిసి ఉండాలి. ఉద్యోగరీత్యా చాలా ఏళ్లుగా తైవాన్‌లోనే ఉంటున్నాను. మన వైపు నుంచి చుట్టాలు, స్నేహితులు ఎవరు వచ్చినా తిప్పి చూపించే పని నా మీదే పడుతుంది, వారిలో సగం మందికి మీ అమ్మగారి వంటి నియమాలే ఉంటాయి. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

షిలిన్ మీద నాకు కోపమేమీ లేదు. తైపేలో అన్నిటికంటే పెద్ద రాత్రి బజారు అదే. కాలేజీ పిల్లలు నలుగురు కలిసి వెళితే పొద్దు తెలియకుండా గడిచిపోతుంది. కానీ అది ఒక వీధి కాదు, సందుల అల్లిక. బట్టలు, చెప్పులు, ఫోను కవర్లు, ఆటల దుకాణాల మధ్య తిండి చెదిరిపోయి ఉంటుంది. పెద్దావిడ చెయ్యి పట్టుకుని ఆ రద్దీలో సందు తర్వాత సందు వెతుక్కోవడం ఎవరికీ సరదాగా ఉండదు. పైగా 2011లో అక్కడ కొత్త భవనం కట్టి తిండి దుకాణాలను నేలమాళిగలోకి దించారు. శుభ్రత పెరిగింది, కళ తగ్గింది. మీరు ఎలాగైనా షిలిన్ చూడాల్సిందే అనుకుంటే ఒక్క మాట: మెట్రోలో షిలిన్ అని రాసి ఉన్న స్టేషన్‌లో దిగకండి, దానికి ముందు వచ్చే జ్యెన్‌టాన్ స్టేషనే బజారుకు దగ్గర.

వీధి తిండిని భవనంలోకి తోస్తే ఏమవుతుందో తైపే వాళ్లకు అంతకుముందే తెలిసి ఉండాలి. నింగ్‌షియా వీధికి దక్షిణపు కొసన ఒక గుండ్రటి కూడలి ఉంది. జపాన్ పాలన రోజుల నుంచి అది ఊరంతటికీ పేరున్న తిండి అంగడి. 1990లలో రెండుసార్లు తగలబడింది. 2003లో అక్కడ గుండ్రటి గాజు భవనం కట్టి వ్యాపారులను లోపల కూర్చోబెట్టారు. ఎవరూ వెళ్లలేదు. మూశారు, మళ్లీ తెరిచారు, మళ్లీ మూశారు, చివరికి కూల్చేసి పచ్చిక పరిచారు. దాని పక్కనే ఏ హంగూ లేకుండా నడిరోడ్డు మీద బండ్లు పెట్టుకున్న నింగ్‌షియా మాత్రం రోజూ కిటకిటలాడుతూనే ఉంది. పొయ్యి, వండే మనిషి, నిలబడి తినే మనిషి, వీళ్ల మధ్య మూడడుగుల దూరం కూడా లేకపోవడంలోనే ఈ బజార్ల రుచి ఉందని నా నమ్మకం. మీకు రావ్‌హే, నింగ్‌షియా చెప్పడానికి అసలు కారణం అదే. రెండూ తిన్నని వీధులు. ఒక కొస నుంచి రెండో కొసకు నడిస్తే అయిపోతుంది, తప్పిపోవడానికి వీలు లేదు.

రావ్‌హేకు వెళ్లడానికి ఆకుపచ్చ మెట్రో మార్గంలో చివరి స్టేషన్ సాంగ్‌షాన్‌లో దిగి, అయిదో నంబరు ద్వారం గుండా పైకి రండి. ఎదురుగా దీపాలతో, కప్పు మీద డ్రాగన్లతో కనిపించేది త్సియో ఆలయం. 1753 నాటిది. లోపలి దేవత మాజు, సముద్రం మీద వెళ్లే వారిని కాపాడే తల్లి. చైనాలోని ఫుజియాన్ తీరం నుంచి జలసంధి దాటి వచ్చి ఇక్కడ స్థిరపడిన వాళ్లు ఆమెను వెంట తెచ్చుకున్నారు. తైవాన్‌లో పాత రాత్రి బజార్లు చాలావరకు ఇలా గుడి ముంగిట పుట్టినవే. మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన జనానికి ఆకలి వేస్తుంది, ఆకలి ఉన్నచోటికి బండి వస్తుంది. మన ఊళ్లలో తీర్థం ఏడాదికి ఒకసారి జరుగుతుంది, ఇక్కడ రోజూ సాయంత్రం జరుగుతుందని చెప్పండి, అమ్మగారికి వెంటనే అర్థమవుతుంది.

ముందు గుడికి వెళ్లండి, తర్వాతే బజారు. గుడికి ఎదురుగా నిలబడితే మీ కుడివైపు ద్వారంలో నుంచి లోపలికి వెళ్లి, ఎడమవైపు ద్వారంలో నుంచి బయటికి రావాలి. గడప ఎత్తుగా ఉంటుంది, దాన్ని తొక్కకుండా దాటాలి. ఇది అమ్మగారికి ఎవరూ చెప్పనక్కర్లేదు. లోపల కొందరు ఎర్రటి చంద్రవంక ఆకారపు చెక్క ముక్కలను జతగా నేల మీద వేస్తూ కనిపిస్తారు. దేవతను ఒక ప్రశ్న అడిగి వేస్తారు. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే అవునని అర్థం. పాపకు ఇది బాగా నచ్చుతుంది. ఒక్క విషయం అమ్మగారికి ముందే చెప్పి ఉంచండి: నైవేద్యపు బల్లల మీద పండ్లతోపాటు ఒక్కోసారి ఉడికించిన కోడి కూడా ఉండవచ్చు.

నవంబరులో ఇక్కడ సాయంత్రం అయిదు దాటిన కాసేపటికే సూర్యుడు అస్తమిస్తాడు. బండ్లు సరిగ్గా ఆ వేళకే సర్దుకుంటాయి. అమ్మగారు కార్తీక సోమవారం ఉపవాసం ఉండి చుక్కను చూశాక తినే అలవాటున్నవారైతే, ఈ బజారు ఆవిడ కోసమే తెరిచినట్టు ఉంటుంది. చుక్కలు కనిపిస్తాయని మాత్రం హామీ ఇవ్వలేను, తైపే నవంబరు ఆకాశం సాధారణంగా మబ్బుగానే ఉంటుంది. శుక్ర, శనివారాల్లో ఏడు నుంచి తొమ్మిది మధ్య ఊపిరాడని రద్దీ. మామూలు రోజున అయిదున్నరకు చేరుకుంటే హాయిగా ఏడింటికల్లా తిని బయటపడవచ్చు.

గుడి పక్కనే బజారు తూర్పు తోరణం. అక్కడి నుంచి పడమరగా దాదాపు 600 మీటర్ల వీధి. రోడ్డు మధ్యలో బండ్లు, వాటికి రెండు వైపులా నడిచే దారి, అంచుల్లో దుకాణాలు. ఒక వైపు నుంచి వెళ్లి, రెండో వైపు నుంచి తిరిగి రావడం పద్ధతి. వెళ్లేటప్పుడు ఏమీ కొనకండి, చూసుకుంటూ వెళ్లండి. వచ్చేటప్పుడు తినండి. ఇది వినడానికి సులువే కానీ పాటించడం కష్టం, ఎందుకంటే తోరణం దాటగానే మిరియాల బన్ను దుకాణం వరస కనిపిస్తుంది. తందూరు వంటి మట్టి పొయ్యి గోడలకు లోపలివైపు ఉండలు అంటించి కాలుస్తారు. లోపల పంది మాంసం, మిరియాలు, ఉల్లికాడలు, పైన నువ్వులు. ఒక్కసారి బోలెడు కాలుతాయి కాబట్టి వరస పొడవుగా ఉన్నా చకచకా కదులుతుంది. మీరు, మీవారు దీని విషయంలో మాత్రం నా నియమం తప్పవచ్చు. ముందు చిన్నగా కొరికి ఆవిరి పోనివ్వండి, లోపలి రసం నాలుకను కాల్చేస్తుంది.

ఇక అమ్మగారి భోజనం. దీని మీద కాస్త ఎక్కువ రాస్తాను, ఎందుకంటే యాత్రల వీడియోల్లో ఎక్కడా దొరకని సమాచారం ఇదే.

తైవాన్‌లో శాకాహారం వింత కాదు. బౌద్ధం వల్ల, చైనాలో పుట్టిన దావో మతం వల్ల శాకాహారులు చాలామంది ఉన్నారు. రోజూ పాటించనివారు కూడా కొందరు చాంద్రమాన నెలలో ఒకటో రోజు, పదిహేనో రోజు మాంసం మానేస్తారు. అంటే మన కార్తీక పౌర్ణమి నాడు, లేదా ఒక రోజు అటూ ఇటూగా, వాళ్లకూ అది శాకాహారపు రోజే. మీ తేదీలు దానికి దగ్గరగా ఉంటే ఆ సాయంత్రాన్నే ఎంచుకోండి. గుడి కూడా కళకళలాడుతూ ఉంటుంది.

శాకాహారాన్ని ఇక్కడ 'సూ' అంటారు. దాని చైనా అక్షరాన్ని ముందే ఫోనులో దాచుకుని, బండి మీది పలకలో ఆ ఆకారం కనిపిస్తుందేమో చూడండి. చాలా శాకాహార దుకాణాల మీద స్వస్తిక గుర్తు కూడా ఉంటుంది. మన స్వస్తికకు ఎదురు దిశలో తిరిగి ఉంటుంది, అంతే తేడా. సంప్రదాయ సూ వంటలో మాంసం, చేపలతోపాటు ఘాటైన అయిదు దినుసులు కూడా నిషిద్ధం: ఉల్లి, ఉల్లికాడ, వెల్లుల్లి జాతివన్నీ అందులోకి వస్తాయి. కాబట్టి కార్తీక నియమంలో ఉన్న మనిషికి ఆసియాలో ఇంతకంటే అనువైన ఊరు అరుదు. అసలైన సూ దుకాణంలో వెల్లుల్లి లేకుండా వండమని బతిమాలుకోనక్కర్లేదు, ఆ మాటే ఎత్తనక్కర్లేదు. ఒక తమాషా ఏమిటంటే, పాత బౌద్ధ గ్రంథాల ఆ అయిదింటి జాబితాలో ఇంగువ ఉంది. మన ఇళ్లలో ఉల్లి మానిన రోజున దానికి బదులు వేసేదే వాళ్లకు నిషిద్ధం. మీరు తెచ్చుకున్న పులిహోరను ఇక్కడి సన్యాసినికి పెట్టాలనుకుంటే ఈ సంగతి గుర్తుంచుకోండి.

సూ అని రాసి ఉన్నా గుడ్డు, పాలు ఉండవచ్చు. 2009 నుంచి ఇక్కడ ప్యాకెట్లలో అమ్మే శాకాహారం మీద అది ఏ రకమో ముద్రించడం తప్పనిసరి చేశారు: పూర్తి శాకాహారం, గుడ్డు ఉన్నది, పాలు ఉన్నది, రెండూ ఉన్నది, ఘాటు దినుసులు ఉన్నది. బిస్కెట్లు, చిరుతిళ్లు కొనేటప్పుడు ఇది బంగారం లాంటి సమాచారం. బండ్ల మీద మాత్రం ఇంత స్పష్టత ఉండదు. అందుకే హోటల్లో ఎవరిచేతనైనా చైనా లిపిలో ఒక చీటీ రాయించుకోండి: మాంసం, చేప, రొయ్యలు, గుడ్డు, ఉల్లికాడ, ఉల్లి, వెల్లుల్లి తినను అని. నోటితో చెప్పేదానికంటే చీటీ ఎంతో నయం. బండివాళ్లు చదివి, తల ఊపో అడ్డంగా తిప్పో నిజాయితీగా చెబుతారు.

చీటీ చూపించి కూడా జాగ్రత్తపడాల్సినవి కొన్ని ఉన్నాయి. బొగ్గుల మీద కాల్చే మొక్కజొన్న, పెద్ద పుట్టగొడుగులు చూడటానికి నిర్దోషంగా ఉంటాయి. కానీ వాటి మీద పూసే షాచా అనే ముద్దలో ఎండురొయ్యలు, ఎండుచేపలు ఉంటాయి. ఉప్పు మాత్రమే వేయమనాలి, కాల్చే చువ్వల మీద ముందు ఏం కాల్చారో చూసుకోవాలి. ఉల్లికాడల రొట్టె పేరులోనే ఉల్లికాడ ఉంది, పిండిలో పంది కొవ్వు కూడా కలిపే అవకాశం ఉంది. కూరగాయలు ఏరి బుట్టలో వేసి ఇస్తే వేయించి ఇచ్చే బండ్ల దగ్గర అదే నూనెలో కోడి ముక్కలు కూడా వేగుతాయి. పులిసిన టోఫు ఊరబెట్టే ద్రావణంలో కొందరు రొయ్యలు, మాంసం కూడా వేస్తారు. దాని మీద సూ అని ఉంటే తప్ప అమ్మగారికి వద్దు.

దాని వాసన గురించి అడిగారు కదా. ఘాటుగానే ఉంటుంది, దాచేదేమీ లేదు. అయితే అది బండికి ఇరవై అడుగుల లోపల మాత్రమే బలంగా ఉంటుంది, వీధి పొడవునా కాదు. అమ్మగారి చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి చకచకా దాటించేయండి. మీరు మాత్రం వేయించినది ఒకసారి తిని చూడండి. పైన కరకర, పక్కన పులుపూ తీపీ కలిసిన క్యాబేజీ ఊరగాయ. వాసనకూ రుచికీ పొంతన ఉండదు.

అమ్మగారికి ధైర్యంగా పెట్టగలిగినవి ఇప్పుడు చెబుతాను. మొదటిది చిలగడదుంప బంతులు. ఉడికించిన దుంపను పిండితో, చక్కెరతో కలిపి గోళీలంత ఉండలు చేసి నూనెలో వేస్తారు. బండివాడు జల్లి గరిటెతో వాటిని అదిమి వదులుతూ ఉంటాడు, వదిలిన ప్రతిసారీ ఇంకాస్త ఉబ్బుతాయి, చివరికి లోపల బోలుగా తయారవుతాయి. ఈ బండ్లలో సాధారణంగా ఇవి తప్ప వేరేవి వేయించరు కాబట్టి నూనె గొడవ లేదు. రెండోది వేరుశెనగ చుట్ట. నా లెక్కలో రావ్‌హేలో తినవలసిన మొదటి వస్తువు ఇదే. పెద్ద దిమ్మలా పోసిన పల్లీ పాకాన్ని రంపం వంటి పరికరంతో గీకి పొడి చేస్తారు. పల్చటి రొట్టె మీద ఆ పొడి చల్లి, రెండు మూడు ఉండలు చేమదుంప ఐస్‌క్రీము పెట్టి, పైన కొత్తిమీర వేసి చుట్టి ఇస్తారు. పల్లీ పాకంలో కొత్తిమీరా అని మొహం చిట్లించకండి, అది చల్లించుకునే తినండి. ఐస్‌క్రీములో గుడ్డు ఉందా అని చీటీ చూపించి అడగడం మరవద్దు.

తాగడానికి బూడిదగుమ్మడి టీ అడగండి. మనం వడియాలకు, దిష్టికి వాడే గుమ్మడినే చక్కెరతో గంటల తరబడి ఉడికించి, చల్లార్చి పోస్తారు. టీ ఆకు ఉండదు, నల్లటి బెల్లపు రుచి ఉంటుంది. ఐయూ అనే జెల్లీ కూడా మంచిదే. ఒక అడవి అత్తి తీగ గింజలను గుడ్డలో కట్టి నీళ్లలో పిసుకుతారు, ఆ నీళ్లు పొయ్యి ఎక్కకుండానే వాటంతట అవే గడ్డకడతాయి. నిమ్మరసం, పాకం, ఐసు వేసి ఇస్తారు. జంతు సంబంధమైనది ఏమీ లేదు. పాపకు ఎలాగూ ముత్యాల పాల టీ కావాలి. అందులోని నల్ల గోళీలు కర్రపెండలం పిండివే. మన సామర్లకోట, పెద్దాపురం వైపు సగ్గుబియ్యం చేసే దుంపే అది. చక్కెర ఎంత, ఐసు ఎంత అని అడుగుతారు. చక్కెర సగం చాలనండి, అది కూడా మనకు ఎక్కువే.

సీతాఫలాలు కనబడితే వదలకండి. తైవాన్ ఆగ్నేయ తీరంలో పండేవి రెండు పిడికిళ్లంత ఉంటాయి. కానీ కోసి, సంచుల్లో పెట్టిన పండ్ల దగ్గర జాగ్రత్త. ఇక్కడి తూకం 600 గ్రాముల 'జిన్'. పలక మీద రాసిన ధర జిన్‌కా, అర జిన్‌కా, వంద గ్రాములకా అని అడగకుండా చేతిలోకి తీసుకుంటే, పర్యాటకులు ఎక్కువగా వచ్చే బజార్లలో బిల్లు చూసి కళ్లు తిరుగుతాయి. రాత్రి బజారులో మోసపోవడానికి అవకాశమున్న చోటు దాదాపు ఇదొక్కటే. మిగతా ధరలన్నీ పలక మీద రాసి ఉంటాయి, బేరం ఆడరు, టిప్పు ఇవ్వరు. చాలా వస్తువులు 40 నుంచి 100 తైవాన్ డాలర్ల మధ్యలో ఉంటాయి. డాలరుకు సుమారు మూడు రూపాయలని లెక్క వేసుకోండి. వంద నోట్లు, చిల్లర దగ్గర ఉంచుకోండి, కార్డులు అన్ని బండ్లలో పనిచేయవు.

రావ్‌హేలో కూర్చోవడానికి చోటు తక్కువ. అమ్మగారు అలసిపోతే వీధికి ఉత్తరంగా, వరద గోడ దాటితే కీలంగ్ నది ఒడ్డు ఉంది. పాదచారులకు, సైకిళ్లకు మాత్రమే కట్టిన వంతెన రాత్రి దీపాలతో వెలుగుతూ ఉంటుంది. చేతిలో చుట్టలు, కప్పులు పట్టుకుని అక్కడికి వెళ్లి కూర్చోండి. చెత్తడబ్బాలు ఈ ఊళ్లో దాదాపు కనిపించవు, ఒక సంచి వెంట ఉండాలి. తిన్న బండి దగ్గరే ఖాళీ డబ్బా ఇచ్చేస్తే వాళ్లు తీసుకుంటారు. మెట్రోలోకి వెళ్లే ముందు మాత్రం అన్నీ ముగించాలి. గేటు దాటాక తినడం, తాగడం నిషేధం, మంచినీళ్లు కూడా. జరిమానా 1,500 డాలర్ల నుంచి 7,500 దాకా. శుభ్రమైన మరుగుదొడ్లు కూడా మెట్రో స్టేషన్లలోనే ఉంటాయి కాబట్టి బయటికి వచ్చేముందే ఆ పని చూసుకోండి.

నింగ్‌షియా గురించి క్లుప్తంగా చెబుతాను. ఇది రావ్‌హే కంటే పొట్టి వీధి, ఎక్కువగా చుట్టుపక్కల వాళ్లు రాత్రి భోజనానికి వచ్చే చోటు. షువాంగ్‌ల్యెన్ స్టేషన్ నుంచి పది నిమిషాల నడక. మీకు ఆలుచిప్పల అట్టు, వేయించిన చేమదుంప ఉండలు ఇక్కడ ప్రసిద్ధి. ఉండల్లో ఒక రకంలో గుడ్డు సొన, పంది మాంసపు పొడి కూరతారు, రెండో రకంలో చేమదుంప ఒక్కటే ఉంటుంది. రెండూ ఒకే నూనెలో వేగుతాయి కాబట్టి అమ్మగారు చూసి ఆనందించడమే. ఆవిడకు ఇక్కడ వేడి మోచీ ఉంది: మెత్తటి బియ్యప్పిండి ముద్దను వేరుశెనగ పొడిలో, నల్లనువ్వుల పొడిలో దొర్లించి పెడతారు. దానితోపాటు దౌహ్వా, అంటే సోయా పాలను జున్నులా పేరబెట్టి, అల్లం పాకం, ఉడికిన పల్లీలు వేసి ఇచ్చేది. పళ్లు సరిగా లేనివారికి కూడా ఇబ్బంది ఉండదు. ఈ రెండూ తింటే ఆ పూటకు పొట్ట నిండుతుంది. అన్నం, కూర వంటి సరైన భోజనమే కావాలంటే బజారుకు ముందు ఏదైనా శాకాహార బఫే హోటలుకు వెళ్లండి. పళ్లెంలో పెట్టుకున్నదాన్ని తూకం వేసి డబ్బు తీసుకుంటారు, ఊరంతా ఉన్నాయి. అయితే చాలావరకు రాత్రి ఏడున్నర, ఎనిమిదికల్లా కట్టేస్తారు.

రెండు సాయంత్రాల్లో ఏదో ఒకరోజు సన్నగా ముసురు పట్టే అవకాశం ఎక్కువే. చిన్న తుంపరకు బండ్లు కదలవు, గొడుగులతోనే జనం తిరుగుతారు. గట్టి వాన అయితే నింగ్‌షియాను మానేసి నీలం మెట్రో మార్గంలో లుంగ్‌షాన్ ఆలయానికి వెళ్లండి. 1738 నాటి గుడి, ప్రధాన దేవత కరుణామూర్తి గ్వాన్‌యిన్. అక్కడికి దగ్గర్లోనే హ్వాషీ వీధి రాత్రి బజారు ఉంది, పైన కప్పు ఉన్న వీధి కాబట్టి తడవరు. ఒకప్పుడు పాములను ఆడించి, కోసి అమ్మే వీధిగా పాత యాత్రా పుస్తకాల్లో దానికి పేరు. అమ్మగారు అవి చదివి భయపడితే, ఆ దుకాణాలు ఇప్పుడు మూతపడ్డాయని చెప్పండి.